రసంలో వెంట్రుక

మా ఆయన మునిచంద్ర రసంలోంచి దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి వెలుతురుకు పట్టాడు.

"ఏంది కోమలీ ఇది?"

వెంట్రుక అని చెప్పాను. ఎమ్మెస్సీ జువాలజీ చదివినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"ఎగతాళా? మా కాలంలో కొప్పు బిగించుకోకుండా పొయ్యి కాడికి పోతే ఒట్టు!" అంది మా అత్త సుబ్బులమ్మ.

విచారణ అక్కర్లేకపోయింది. తల్లీకొడుకులు పోయిన వారమే కొండకెళ్లి తలనీలాలిచ్చి వచ్చారు. నిగనిగలాడే రెండు గుండ్ల మధ్య జడ ఉన్నది నాకొక్కదానికే. ఇంట్లో ఎక్కడ వెంట్రుక దొరికినా ఇక నాదే. రసం రుచిగా ఉంటే మాత్రం అది మా అత్త నేర్పింది.

ఈ గొడవలో ఒక మాట చెప్పలేకపోయాను. పొద్దున జాహ్నవి ఫోన్ చేసింది. కాలేజీలో నాకు జూనియర్. ఏర్పేడు దగ్గర చిన్న ల్యాబు నడుపుతోంది. జంతువును చంపకుండా, చలికోట్లకు కావలసిన బొచ్చును అక్కడే పెంచుతారట. "నాకో మనిషి కావాలక్కా. నువ్వొస్తావా? సాయంత్రానికి చెప్పు."

గిన్నెలు కడిగి బస్సెక్కాను.

"మన ఎండలకు బొచ్చు కోటు ఎవరు తొడుగుతారే?" అన్నాను, ల్యాబులో అడుగు పెడుతూనే.

"చలిదేశాలోళ్లక్కా. వాళ్ల కోసరం ఎన్ని కుందేళ్లు బోనుల్లో చస్తా ఉండాయో!" అంటూ నా జడంతా టోపీలోకి తోసి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

గాజు పళ్లెంలో గులాబీరంగు ద్రవం. అందులో మీగడ తరకలాంటి చర్మం. కుందేలు చెవి నుంచి ఆవగింజంత ముక్క తీసి పెంచారట. ఆ కుందేలు కిటికీ అవతల నింపాదిగా గడ్డి తింటోంది.

"ఇప్పుడు సూడక్కా."

చూశాను. దేహమే లేని చర్మం మీద ఒక వెంట్రుక మొలిచి ఉంది. పక్కన ఇంకొకటి. ఆ వెనక ఎన్నో, గాలికి వంగిన వరినారులా అన్నీ ఒకేవైపు వాలి. కింద గుండె లేదు, నెత్తురు లేదు, పెరగమని చెప్పే తల్లి లేదు. అయినా ఒక్కో వేరూ తన పని తనకు తెలిసినట్టు చీకట్లో వెంట్రుకను నేసి పైకి పంపుతోంది. ఊపిరి తీస్తే అవి కదులుతాయేమోనని భయం వేసింది. పెళ్లయినప్పటి నుంచి దువ్వెనల్లోంచి, దిండ్ల మీదనుంచి, నేరం దాచుకున్నట్టు ఏరి పారేసింది దీన్నేనా? నా తలలో ఈ క్షణాన, ఎవరి అనుమతీ లేకుండా, ఇంత అద్భుతం జరుగుతూనే ఉందా? కళ్లద్దాలు తడిసి కాసేపు ఏమీ కనపడలేదు.

"దినం మార్చి దినం ఈ గులాబీ నీళ్లు మార్చాల, అదే దీనికి మేత. మరిస్తే చచ్చిపోతాది. ఇంటికాడ ఒప్పుకుంటారా అక్కా?"

"అడిగితే కదా ఒప్పుకోకపోయేది! సోమవారం వస్తాను."

ఇంటికొచ్చి, వడ్డిస్తూ చెప్పాను.

మా ఆయన నవ్వాడు. "బొచ్చు పెంచేదానికి ఉద్యోగమా! మరి వంట ఎవురు చేస్తారు?"

"మా గతేంది?" అంది అత్త.

రసం గిన్నె ఇద్దరి మధ్యా పెట్టాను.

"మీరే చేసుకోండి. ఇద్దరివీ గుండ్లే కదా, వెంట్రుక పడతాదనే భయమే లేదు."