కోలవెన్నమ్మ కల్వం

నేను ఒక ఇత్తడి కల్వాన్ని. మందులు నూరడానికే పుట్టాను. కంచరి నన్ను పోతపోసి, నునుపు చేసి, "పేరేం కొట్టమంటారు?" అని అడిగాడు. నన్ను కోరి కొనిపించుకున్నది కొత్తకోడలు. తల్లి దగ్గర మందులు నేర్చుకుని వచ్చిన పిల్ల. తలవంచుకుని నిలబడింది. మామగారే అందుకుని, "మావాడి పేరు కొట్టవయ్యా, పట్టాభిరామయ్య" అన్నాడు. ఇంట్లో చెంబుకైనా పళ్లేనికైనా మగవాడి పేరే ఉండాలట. అలా నా ఒంటిమీద చుక్కచుక్కగా ఆయన పేరు పడింది.

పట్టాభిరామయ్యకు శొంఠికీ పసుపుకొమ్ముకీ తేడా తెలియదు. పేకాట మాత్రం బాగా తెలుసు. నూరేది ఆవిడే. కోలవెన్ను నుంచి కాపురానికి వచ్చింది కాబట్టి ఊరంతా కోలవెన్నమ్మ అనేవారు. ఓసారి ఒక తల్లి కళ్లు తేలేసిన బిడ్డను తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ మందు నూరి పట్టిస్తూనే ఉంది. సాయంత్రానికి బిడ్డ కేరుమంది. బిడ్డ తండ్రి పరుగున వెళ్లి, అరుగుమీద పేకముక్కలు పట్టుకుని కూర్చున్న పట్టాభిరామయ్య కాళ్లమీద పడ్డాడు. "అంతా మీ చలవే బాబుగారూ!" ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆలుమగలిద్దరూ పోయాక, ఇల్లు అమ్మినప్పుడు నన్ను మ్యూజియానికి ఇచ్చేశారు. అద్దాల బీరువాలో నా కింద ఒక పలక పెట్టారు. "వైద్యుడు పట్టాభిరామయ్య వాడిన కల్వం." నా మీది పేరు చూసి రాశారు, వాళ్ల తప్పేముంది?

మొన్న ఆవిడ మనవరాలు రత్నమాణిక్యం వచ్చింది. జుట్టు నెరిసినా నేను గుర్తుపట్టాను. పలక చదివి మండిపడింది.

"ఇది మా తాతది కాదండీ, నాయనమ్మది. ఆయన జన్మలో ఒక్క మాత్రైనా నూరి ఎరగడు. ముందా పలక మార్చండి."

అక్కడి అధికారిణి మంచి మనిషి. అంతా విని, "ఇవాళే మార్పిస్తానండీ. నాయనమ్మగారి పేరు చెప్పండి" అంది.

"కోలవెన్నమ్మ."

"అది ఊరి పేరు కదండీ. అసలు పేరు?"

రత్నమాణిక్యం అద్దంలోంచి నాకేసి చూసింది.

"మేం నాయనమ్మా అనేవాళ్లమండీ. తాతయ్యేమో ఏమేవ్ అని పిలిచేవాడు. మా నాన్నుంటే చెప్పేవాడేమో..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

నా గుండె చెరువైంది. ఆవిడ అరచేతి వేడి నాకు తెలుసు. నూరుతూ తీసే కూనిరాగం తెలుసు. అన్నేళ్లలో ఒక్కరైనా, ఒక్కసారైనా పేరుపెట్టి పిలిచారేమోనని తలుచుకుని తలుచుకుని చూశాను. పిలవలేదు. ఆవిడ పేరు నాకూ తెలియదు.