రెప్ప కింద రంగు

నలుగు పెట్టిన ప్రతిసారీ వీరవేణి పిల్లని వెలుగుకేసి తిప్పి చూసుకునేది. రత్నమాణిక్యానికి పదకొండో నెల. మైనంతో చేసినట్టు తెల్లగా ఉండేది. ఏడ్చేది కాదు. పడుకోబెట్టిన చోటే పడుకునేది, గిలక ఆడించినా అటు తిరిగేది కాదు.

"మా మనవరాలు దొరల పిల్లేనమ్మా, నోట్లో నాలిక లేదు," అని అత్తగారు మహాలక్ష్మమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా, ఆ ఇంట్లో తనకంటూ ఒక గొప్ప దొరికినట్టుండేది వీరవేణికి. మగవాళ్లు తిని, అత్తగారు తిన్నాక అడుగున మిగిలిందే తన అన్నం. పాలిచ్చే తల్లికి కూరలు పడవని, పురిటినాటి పత్యం ఇంకా తీయనేలేదు. తనూ అడగలేదు. "మా కోడలికి ఆకలి కూడా తెలీదు, బంగారం," అనేది అత్తగారు.

అందుకే, వడ్లు దంచడానికొచ్చే లోవమ్మ తన పిల్లాణ్ణి చాప మీద దింపిన రోజు, "అవతల దించవే, మా పిల్లకి నలుపంటుకుంటుంది," అనగలిగింది. లోవమ్మ నవ్వేసి, పాకిపోతున్న వాణ్ణి రోటి దగ్గరికి లాక్కుంది.

ఆ వారమే మిషను ఆసుపత్రి సంపూర్ణమ్మ గోదావరి దాటి వచ్చింది. కొవ్వూరు చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల్ని చూసే మనిషి. అరుగు మీద కూర్చుని రత్నమాణిక్యం కంటి కింది రెప్పని బొటనవేలితో లాగింది. లోపల సుద్దలా ఉంది. లోవమ్మ పిల్లాడి రెప్పా లాగింది. దానిమ్మ గింజ.

"ఇది మేని రంగు కాదండి. నెత్తురు లేక పాలిపోయింది. ఓపిక లేక ఏడవట్లేదు. ఇలాగే వదిలేస్తే ఆటా మాటా వెనకబడిపోతాయంటారు మా డాక్టరు దొరసాని గారు. ఏదీ, మీరూ ఇలా తిరగండమ్మా."

వీరవేణి రెప్ప కూడా లాగింది. అక్కడా సుద్దే.

"మావోడికి చోడి జావలో బెల్లవేసి పోత్తానమ్మగోరూ. నాకు తోటకూర లేందే ముద్ద దిగదు," అంది లోవమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండును. ఇన్ని నెలలూ బిడ్డ వాడిపోతుంటే తను నగలా చూసుకుని మురిసిపోయింది. ఏడ్చే బలం లేకపోతే గుణమనుకుంది. మరి తనని బంగారమన్నదీ అందుకేనా, అడిగే శక్తి లేనందుకా?

"రేపు పడవలో తీసుకురండి. ఇనుము మందిస్తారు. మీరూ తాగాలి, కూరలూ తినాలి," అంది సంపూర్ణమ్మ.

గుమ్మంలోంచి మహాలక్ష్మమ్మ కేక పెట్టింది. "ఇనుమా! అది తాగిస్తే పిల్ల నల్లబడిపోదూ? మా ఇంటా వంటా లేదమ్మా, నువ్వు వెళ్లు!"

వీరవేణి పిల్లని చంకనెత్తుకుని లేచింది. లోవమ్మ మొహం చూడలేక, నేలకేసి చూస్తూనే అంది:

"నల్లబడనివ్వండి, అత్తయ్యగారూ."