పెద్దకోడలి సున్నా

ఆ కార్ఖానాలో సున్నా పెట్టడమంటే పెద్దకోడలే. పసిపిల్లలను తూచే కాటాలు చేస్తారక్కడ. లోపల చవకరకం ఆంప్లిఫయర్ చిప్పు. తట్ట ఖాళీగా ఉన్నా ఆ దిక్కుమాలిన చిప్పు లేని బరువు చూపిస్తుంది. ఆఫ్‌సెట్ అంటారు దాన్ని. పెద్దకోడలు పొద్దున్నే సన్నటి స్క్రూడ్రైవరుతో లోపలి మర తిప్పి, అంకెను సున్నాకు తెచ్చి, మర కదలకుండా దాని మీద గోళ్లరంగు చుక్క వేస్తుంది. "మా పెద్దమ్మాయి చెయ్యి పడందే కాటా గడప దాటదు" అని మామగారు ఊరంతా చెప్పుకునేవాడు.

ఇప్పుడు మానేశాడు. చిన్నకోడలు వచ్చిందిగా!

వచ్చి నెల తిరక్కుండానే పెట్టె విప్పి చూసింది మహాతల్లి.

"చిప్పులోకి బరువు కబురు తెచ్చే కాళ్లు రెండూ కాస్త కాస్త కరెంటు పీలుస్తాయి మామయ్యా. ఒకదాని దారిలో పెద్ద రెసిస్టరుంది, రెండోదాని దారిలో ఏమీ లేదు. ఆ తేడాయే లేని బరువై కనిపిస్తోంది. అక్కడా అంతే పెడితే రెండువైపులా సమానమైపోతుంది. మిగిలే తేడా గ్రాము కూడా ఉండదు."

"అబ్బో, ఎంత బుర్రే తల్లీ నీది!" అని మామగారు మురిసిపోయాడు. పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది. ఒక్క రెసిస్టరు ముక్కకే ఇంత సంబరమా? ఇన్నేళ్లు తను కళ్లు పొడుచుకున్నదంతా గాలికి పోయినట్టేనా?

మామగారు ఇద్దరి కాటాలూ బల్ల మీద పెట్టించాడు. మధ్యాహ్నం దాకా ఏది సున్నా మీద నిలబడితే ఇకమీదట అన్నీ ఆ పద్ధతిలోనే అని తేల్చేసి, బజారు పని మీద వెళ్లాడు. చిన్నకోడలు వెనకగదిలో ఉంది.

పెద్దకోడలి చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు. వేడి తగిలితే చిప్పు బుద్ధి మారుతుందని ఆమెకు తెలుసు. గ్లాసును చిన్నదాని కాటాకు ఆనించి కూర్చుంది. సున్నా కదల్లేదు. మళ్లీ టీ మరగబెట్టి తెచ్చి పెట్టింది. ఊహూఁ.

"చావదే ఇది!"

ఉక్రోషం కొద్దీ ఈసారి గ్లాసు తన కాటాకు ఆనించింది. రెండు. అయిదు. తొమ్మిది గ్రాములు.

అప్పుడు వెలిగింది ఆమెకు. తను మర తిప్పేది పొద్దుటి చల్లదనంలో. నెలలు నిండని పిల్లల గదిని ఆసుపత్రిలో ఎప్పుడూ వెచ్చగానే ఉంచుతారు. సున్నా తప్పుతోందని నర్సులు ఎన్నిసార్లు చెప్పలేదు! వాళ్లకే వాడటం చేతకాదని కసురుకుంది తను.

గ్లాసు తీసేసింది. అంకె మెల్లగా సున్నాకు దిగింది. ఎవరూ చూడలేదు.

"ఏదమ్మా నిలబడింది?" అంటూ మామగారు లోపలికొచ్చాడు.

రెండూనని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోరు రాలేదు.

"దానిదే. నాది వేడికి తొమ్మిది గ్రాములు తప్పింది" అంది పళ్లు కొరుకుతూ.

చిన్నకోడలు పరుగున వచ్చింది. "అయితే పాతవన్నీ వెనక్కి తెప్పించాలక్కా! ఆసుపత్రులకి నేను ఫోన్ చేసి చెప్పనా?"

పెద్దకోడలు చటుక్కున ఫోను లాక్కుంది.

"ముట్టుకోకు. తప్పు నాది, నేనే చెప్పుకుంటా. అదీ నీ నోటి నుంచే వస్తే నేనిక బతకలేను."