కనిపించని చెంపదెబ్బ

అది డెబ్బై ఏడో సంవత్సరమా, ఎనిమిదా అన్నది ఇప్పుడు గట్టిగా చెప్పలేను. సినిమాల ఊరు బర్‌బాంక్‌లోని ఆ కార్టూన్ స్టూడియో గోడలు ఆకుపచ్చనివో బూడిదరంగువో కూడా సరిగ్గా గుర్తు లేదు. అక్కడ బొమ్మలు గీసే మిల్టన్ గ్రోబ్ విసుగు మాత్రం బాగా జ్ఞాపకం.

రోజూ ఎనిమిదింటికి అతను బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటూ ఉండగానే, రంగుల గదిని చూసుకునే డొలొరెస్ యాంతునెస్ చేతిలో నాలుగైదు పారదర్శకపు ప్లాస్టిక్ రేకులతో వచ్చేది. స్పానిష్ అలవాటుతో అతన్ని 'డాన్', అంటే 'గారూ', అని పిలిచేది.

"డాన్ మిల్టన్, మీవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు."

"ఇద్దరూనా?"

"లెమ్ అయితే బూట్లు కూడా విప్పేశాడు."

పందొమ్మిది వందల ముప్పైలలో ఒకరినొకరు బాదుకుని దేశాన్ని నవ్వించిన హాస్యగాళ్ళు, బిగ్‌లో అనే ఇంటిపేరున్న సోదరులు, ఆజీ, లెమ్. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. శనివారం ఉదయం టీవీ చూసే పిల్లల కోసం ఆ ఇద్దరినీ స్టూడియో బొమ్మలుగా లేపి, ఉక్కు ఎముకలూ సాగే చేతులూ అమర్చి, దొంగలను పట్టే పనిలో పెట్టింది. మిల్టన్ వాళ్ళను పరుగెత్తుతున్నట్టు గీసేవాడు. రంగుల గదిలోని ఆడవాళ్ళు ఆ గీతలను రేకుల మీదికి ఎక్కించి, రంగులు వేసి, అరల్లో ఆరబెట్టేవారు. తెల్లారేసరికి సోదరులు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చతికిలబడి ఉండేవారు. డొలొరెస్ ఆ రేకులు కడిగించి మళ్ళీ వేయించేది. పని పట్టికలో 'కూర్చున్నవి' అని ఒక గడి కూడా ఉండేది.

"శుక్రవారానికి ఆరో భాగం రాకపోతే పనంతా సముద్రం అవతలికి పంపేస్తాను. అక్కడ బొమ్మలు బుద్ధిగా నిలబడతాయట," అన్నాడు నిర్మాత కెస్లర్.

మిల్టన్‌కు అరవై ఒకటి. ఆ వయసులో అతనికి ఇంకో బల్ల ఇచ్చేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

అసలు చిక్కు మిసెస్ ఓస్ట్రాంతో. టెలివిజన్ కంపెనీ తరఫున ప్రతి కథనూ పరీక్షించేది ఆవిడే.

"ఇక్కడ ఆజీ లెమ్‌ని చెంప మీద కొడుతున్నాడు. తీసేయండి."

"లెమ్ చెంప ఉక్కుదండీ. నొప్పి ఆజీ చేతికే."

"చూసే పిల్లాడి చెంప ఉక్కుది కాదు, గ్రోబ్‌గారూ."

"కొట్టుకోకపోతే వీళ్ళెవరండీ? టోపీలు పెట్టుకున్న వట్టి పోలీసులు."

"మా చెల్లెలి కొడుకు టీవీలో చూసి పక్కింటి పిల్ల కంట్లో వేలు పెట్టాడు. ఆ పిల్లకి ఇప్పటికీ ఒక కన్ను మసకే."

మిల్టన్ కథ కాగితాలు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎదుటి మనిషిది తప్పయితే కోపానికి ఒక దారి ఉంటుంది. ఆవిడది తప్పు కాదు, తనదీ కాదు. అలాంటి కోపం బయటికి పోలేక మనిషిలోనే తిరుగుతూ ఉంటుంది.

గురువారం సాయంత్రం అతను చెంపదెబ్బ ఉన్న తొమ్మిదో బొమ్మను చింపేశాడు. దాని స్థానంలో ఆజీ లెమ్ భుజం తట్టే బొమ్మ ఒకటి గీయాలి. అలసటలో ఆ సంగతే మరిచి, కట్ట కట్టి రంగుల గదికి పంపేశాడు. ఎనిమిదో బొమ్మలో ఆజీ చెయ్యి పైకి లేచి ఉంది. దాని వెనకే పదో బొమ్మ, అందులో లెమ్ టోపీ గిర్రున తిరుగుతోంది.

శుక్రవారం డొలొరెస్ వట్టి చేతులతో వచ్చింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. నిలబడే ఉన్నారు."

మధ్యాహ్నానికి కెమెరా పని ముగించి చిత్రాన్ని మిసెస్ ఓస్ట్రాంకి చూపించారు.

"ఆపండి. కొట్టాడు," అంది ఆవిడ.

"ఏ బొమ్మలోనండీ?"

ఫిల్మును చేత్తో తిప్పుతూ ఒక్కొక్క బొమ్మా చూసింది. మూడుసార్లు వెతికింది. చెయ్యి లేచింది, టోపీ తిరిగింది, మధ్యలో ఏమీ లేదు. లేనిదాన్ని కత్తిరించమని రాయడానికి ఆవిడ కాగితంలో గడి లేదు. నాలుగోసారి నడిపించినప్పుడు పెదవులు బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చినదానిలా సంతకం పెట్టింది.

కెస్లర్ ఆనందం మిల్టన్‌కు మరోలా తగిలింది. ఒకసారి గీసిన పరుగును, వెనక కనిపించే వీధి బొమ్మ మాత్రం మార్చి, ప్రతివారం వాడుకోవడం ఆ స్టూడియోల్లో అలవాటే.

"ఈ ముక్కనే మిగతా పది భాగాల్లోనూ వాడదాం. కొత్తగా గీయక్కర్లేదు. మిల్టన్, సోమవారం నీ సామాను సర్దుకో."

సోమవారం మిల్టన్ పెన్సిళ్ళను పెట్టెలో పేరుస్తుండగా, డొలొరెస్ ఆ చెంపదెబ్బ ముక్క రేకులను తీసుకెళ్ళి కెస్లర్ బల్ల మీద పరిచింది. సోదరులు ఈసారి కూర్చోలేదు. టోపీలు మొహాల మీద కప్పుకుని పడుకున్నారు.

కెస్లర్ రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కకు నెట్టాడు. తర్వాత మిల్టన్ బల్ల దగ్గరికి వచ్చి, అతని వైపు చూడకుండా, "వారానికొక దెబ్బ. ప్రతిసారీ కొత్తది ఉండాలి. అదీ కనిపించకూడదు," అన్నాడు.

మిల్టన్ పెట్టె విప్పాడు. ఉద్యోగం నిలిచింది, విసుగూ నిలిచింది. నలభై ఏళ్ళు గీయడం తప్ప ఇంకోటి ఎరగని ఆ చెయ్యి, పది వారాలపాటు ఏ బొమ్మను గీయకుండా ఉండాలో వెతుక్కుంది.

ఆ మొదటి శుక్రవారం సంతకం పెట్టాక మిసెస్ ఓస్ట్రాం కార్లు నిలిపే చోట మిల్టన్‌ను ఆపి పావుగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలుసు. కావాలనే ఇక్కడ చెప్పలేదు. చెబితే ఇద్దరిలో ఒకరి వైపు మొగ్గవలసి వస్తుంది.