అరవై అడుగుల తూము

చెరువులో చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. పది గంటలైనా మబ్బు విడలేదు. తెల్లవారుజామున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయి. రోడ్డుకు అవతల అబ్బులు షెడ్డులో కరెంటు ఉంది. కేబుల్‌ను రోడ్డు మీద పరిస్తే ఇసుక లారీ నలిపేసి పోయింది. ఇక మిగిలింది రోడ్డు కింది తూమొకటే. అరవై అడుగుల పొడవు, సగం ఒండ్రు. మనిషి పట్టడు. వెదుళ్లు కట్టి తోస్తే మధ్యలో విరిగాయి.

అందుకే కొవ్వూరు నుంచి ఉదయభాస్కర్‌ను పిలిపించారు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. గోదావరి ఇసుకలో రిమోట్‌తో నడిచే బొమ్మ యుద్ధట్యాంకు నడుపుకుంటుంటే నవ్వినవాళ్లే ఇవాళ కారు పంపారు. సంబరపడే ఓపిక ఆయనకు లేదు. మూడు రోజుల జ్వరం నిన్ననే తగ్గింది.

"ఏంటి మాస్టారూ, ఇంత బుల్లిదా?" అన్నాడు అబ్బులు.

"పోనీ నువ్వు దూరతావా?"

"నా పొట్ట చూసే అడుగుతున్నారు కదండీ!"

చెరువు కౌలుకు చేస్తున్న రామతులసి కసిరింది. "ఆపరా నీ వేళాకోళం! మాస్టారూ, మధ్యాహ్నం దాకా ఆగవండి అవి. పది నెలల మేపండి."

ట్యాంకుకు గాలాలకు వాడే టంగూసు దారం కట్టి అవతలకు నడపాలి. ఆ దారంతో తాడు, తాడుతో కేబుల్ లాగొచ్చు. ఆయన పెట్టెలో ట్యాంకు చక్రాల చుట్టూ తొడిగే పట్టాలు రెండు జతలున్నాయి, ఇనుపవీ ప్లాస్టిక్‌వీ. ఇసుకలో బరువు లాగడానికి ఎప్పుడూ ఇనుపవే. అలవాటుకొద్దీ అవే బిగించాడు.

పదిహేను అడుగులు బాగానే పోయింది. తర్వాత మోటారు మూలిగింది. టార్చి వేసి చూస్తే, ట్యాంకు పొట్టదాకా ఒండ్రులో దిగబడింది. పట్టాలు ఉన్నచోటే తిరుగుతూ బురద చిమ్ముతున్నాయి. దారం పట్టుకుని వెనక్కి లాగారు. బ్యాటరీ సగమైపోయింది. మరొకటి లేదు.

"పొరపాటు నాదేనమ్మా," అన్నాడాయన.

ప్లాస్టిక్ పట్టాలు ఎక్కించాడు. తేలికవి, బురదలో దిగవు. కానీ పట్టు తక్కువ. లోపలికి పోయేకొద్దీ దారం ఒండ్రుకు రాసుకుని వెనక్కి గుంజుతుంది. అంత గుంజుడు ఇవి లాగలేవు. ఆయనకు అక్కడే గట్టుమీద పడుకోవాలనిపించింది.

"రీలు ట్యాంకు మీదే పెడదాం," అన్నాడు చివరికి. "దారం కొస నువ్విక్కడ పట్టుకో తల్లీ. అదే వదులుకుంటూ పోతుంది. లాగే పని ఉండదు."

బరువు తగ్గించడానికి ఫిరంగి ఊడదీసి, ఆ చోట రీలు బిగించాడు. ట్యాంకు ఒండ్రు మీద పాకుతూ చీకట్లో కలిసిపోయింది. అబ్బులు అవతలి మూతి దగ్గరకు పరుగెత్తి బోర్లా పడుకున్నాడు.

"వస్తోందండోయ్! ఆ... ఆగిపోయిందండీ!"

ఆయన మీట నొక్కుతూనే ఉన్నాడు. చడీచప్పుడు లేదు. బ్యాటరీ అయిపోయింది.

"ఎంత దూరంరా?" అరిచింది రామతులసి.

"చెయ్యి పెడుతున్నా... అబ్బా, గాజుపెంకు! దొరికిందక్కా!"

పన్నెండు కొట్టేసరికి కేబుల్ ఇవతలకొచ్చింది. ఏరియేటర్లు నీళ్లు ఎగజిమ్మాయి. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఓ మూల తెల్లగా తేలినవి మాత్రం అలాగే ఉండిపోయాయి. రామతులసి చీర ఎగదోపుకుని, వల తీసుకుని అటు నడిచింది.

ఉదయభాస్కర్ ట్యాంకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బురద ఎండితే పట్టాలు పట్టేస్తాయి, ఇప్పుడే కడగాలి. నీళ్లు రెండడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆయన లేవలేకపోయాడు.