కండ్లు తెరవకముందు రాలిన పొట్టు

పెంచలయ్య కట్టెతో చెక్కిన దేవుళ్లు ఊళ్లు దాటి గుళ్లకు పోతారు. చెక్కేటప్పుడు రాలిన పొట్టు మాత్రం షెడ్డు దాటేది కాదు. స్వామిని చెక్కిన మాను, దాన్ని కుప్పలో పారేస్తే చేతులు పడిపోవూ? పొయ్యిలో పెడితే ఇంకేమన్నా ఉందా? అలా భయపడి భయపడి, రేణిగుంటలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ముప్పై గోతాలు పేర్చాడు. కాలు పెట్టే చోటు లేకపోయినా భక్తికి లోటు రానివ్వలేదు మహానుభావుడు.

ఆదివారం ఇంటి యజమాని దేవరాజులు ఆ గోతాలు చూసి హడలిపోయాడు.

"ఒక్క బీడీ ముక్క పడిందంటే వీధంతా కాలిపోతాదప్పా. శుక్రవారానికి ఇవి ఈడ ఉండకూడదు. లేదంటే షెడ్డు ఖాళీ చేసెయ్."

ఆ షెడ్డు పోతే పెంచలయ్యకు ఉలి పట్టే చోటే లేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. బుధవారం చూస్తే గోతాలు ఇరవై రెండే ఉన్నాయి. గురువారం పొద్దున పద్దెనిమిది. బంగారమా పాడా, పొట్టును ఎత్తుకుపోయే దొంగ ఎవడు? దిగులు పక్కకు పోయి, ఆ సంగతేమిటో తేల్చుకుంటే తప్ప నిలవలేనట్టయింది ఆయనకు.

గుమ్మం దగ్గర సన్నగా రాలిన పొట్టు కనిపించింది. ఏదో గోతానికి చిల్లి ఉన్నట్టుంది. తలవంచుకుని ఆ గీత వెంటే నడిచాడు. అది బోరింగు దాటి, చర్చి గోడ పక్కన తిరిగి, రూతు ఇడ్లీ అంగడి వెనక ఆగింది. అక్కడ రేకు డబ్బా పొయ్యిలో పొట్టు కూరి, పైన ఇడ్లీ పాత్ర పెట్టారు. పక్కన కూర్చుని ఇంకో గోతం మూతి విప్పుతున్నది ఎవరో కాదు, భార్య జ్ఞానాంబ.

నిన్నా ఇవాళా ఆమె తెచ్చిపెట్టిన ఇడ్లీలు పెంచలయ్యకు గుర్తొచ్చాయి. బాగున్నాయని అడిగి మరీ తిన్నాడు.

"ఎంత పని చేసినావే! స్వామి మానును ఇడ్లీలకు కాలుస్తావా?"

రూతు బిత్తరపోయింది. "నాకేం తెలుసన్నా? వదిన ఇచ్చింది, నేనూ పక్క టీ అంగళ్లోళ్లూ తీసుకున్నాము."

జ్ఞానాంబ మాత్రం తొణకలేదు.

"స్వామి మానంటావు. మరి దాన్ని రెండు పాదాలతో అదిమి పట్టుకునే గదా చెక్కేది? అదేందయ్యా అంటే, కడాకు కండ్లు చెక్కి తెరిపిస్తేనే స్వామి వచ్చేది, అందాకా అది కట్టెనే, కాలు తగిలినా దోషం లేదంటావు. అంటావా లేదా?"

"అంటాను."

"కాళ్ల కింద ఉన్నప్పుడు కట్టె, గోతంలోకి పోతానే స్వామి అయిపోతాదా?"

ముప్పై ఏళ్లుగా పెంచలయ్య చెప్పే మాటే అది, నాయన దగ్గర నేర్చుకున్న మాట. అయినా ఒక్క అనుమానం మిగిలింది.

"మరి కండ్లు తెరిపించిన దినం రాలింది? అదీ దీంట్లోనే కలిసి ఉండాది గదే!"

జ్ఞానాంబ లేచి ఆయన్ను ఇంటికి వెంటబెట్టుకుపోయింది. పూజ గూట్లో దీపం వెనకనుంచి ఇత్తడి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది. లోపల చిన్నచిన్న పసుపు గుడ్డ మూటలు. ఒకటి విప్పితే చిటికెడు చెక్క పొరలు.

"ఊడ్చేది నేను గదయ్యా. కండ్లు చెక్కే దినం చీపురు పెట్టను, చేత్తోనే ఏరతాను. పెండ్లయినకాడ్నుంచీ."

ఇన్నేళ్లూ తను కనురెప్పలు చెక్కి చేతులు దులుపుకుని లేచిపోయాడు. వెనక ఈమె మోకాళ్ల మీద కూర్చుని ఏరుతోందని ఒక్కనాడూ చూడలేదు. పెంచలయ్యకు సిగ్గేసింది. డబ్బాను కళ్లకద్దుకుని గూట్లో పెట్టాడు.

తర్వాత షెడ్డుకు పోయి, ఒక గోతం భుజానికెత్తుకుని రూతు అంగడికి నడిచాడు.

"ఇంకో నాలుగు ఇడ్లీ పెట్టమ్మా," అన్నాడు గోతం దించుతూ. "తినేసి మిగిలినవన్నీ నేనే మోసుకొస్తాను."