ఇందిరాదేవి ఉతికిన ఉన్ని

ముమ్మిడివరం పక్క ఊళ్లో శరభయ్యగారు ఏళ్ల తరబడి కూర్చుని వేదం చెబుతున్న ఆసనం అసలు ఉన్నిదే కాదని, దీపం ఒరిగి దాని అంచు అంటుకున్ననాడు తెలిసింది. వెంట్రుక కాలిన కమురు వాసన రాలేదు సరికదా, ప్లాస్టిక్ ముద్దలా కరిగి నేలకు అతుక్కుపోయింది. ఆయన ముఖం చూడలేకపోయింది భార్య ఇందిరాదేవి. నికార్సైన ఉన్ని ఆసనం తనే చేసి పెడతానంది.

"గొర్రె బొచ్చు ఉతకడం మనింట్లో అయ్యే పనేనా?" అని నవ్వారాయన.

ఆ నవ్వు ఆవిడకి ఎక్కడో తగిలింది. జంధ్యాల పూర్ణిమకి శిష్యులంతా వచ్చేసరికి ఆయన్ని కొత్త ఆసనం మీద కూర్చోబెట్టి తీరాలని పంతం పట్టింది.

దాళ్వా వరికోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో గొర్రెల మంద కట్టడానికి మెట్ట నుంచి వచ్చిన కాపరి, పారేయబోతున్న నల్ల ఉన్ని ఓ గోనెడు ఇచ్చాడు. నిండా పెంటికలు, పల్లేరుకాయలు, వేళ్లకి అంటుకుని వదలని జిడ్డు. వీధంతా ముక్కు మూసుకుంది. ఉన్నికి మైల లేదంటారు గానీ, ఆ గోనె చూస్తే అన్నవాళ్లు కూడా కాస్త వెనకాడేవాళ్లే.

కాపురానికి వచ్చిన నాటి నుంచి మడిబట్టలు తడిపిన చేతులు ఆవిడవి. జాడించి, నలిపి, మెలిపెట్టి పిండితే తప్ప ఆవిడ లెక్కలో అది తడపడమే కాదు. సగం ఉన్నిని మరిగే నీళ్లలో వేసి, కుంకుడు రసం పోసి, అలాగే ఓ పట్టు పట్టింది. తీరా చూస్తే పోగూ పోగూ పెనవేసుకుపోయి అట్టలా బిగిసింది. ఎంత పీకినా విడలేదు. నూతి దగ్గరే కూలబడి ఏడ్చేసింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ, అదీ తన చేతుల మీద.

మర్నాడు మిగిలిన సగాన్ని చన్నీళ్లలో ఊరికే నానబెట్టింది. మట్టి తనంతట తనే దిగింది. తరవాత గోరువెచ్చని కుంకుడు నీళ్లలో మెల్లగా అదిమి, కదపకుండా వదిలేసింది. పిండెయ్యాలని చేతులు ఒకటే దురద పెట్టాయి. ఆవిడ వాటిని వెనక్కి కట్టుకుని నిలబడింది. వెదురుతట్టలోకి ఎత్తి, నీరు దానంతటదే ఓడేదాకా కాచుకుంది. నీడన ఆరాక ఉన్ని వేళ్ల మధ్య హాయిగా విడిపోయింది. వాసన చూసింది. కుంకుడు వాసన తప్ప మరేమీ లేదు. ఆ పూట ఆవిడ గర్వానికి పెరడు చాలలేదు.

జంధ్యాలు వడికే తకిలి మీదే వడికి, నవారుమంచం చట్రానికి పడుగు కట్టి అల్లింది. సగం ఉన్నే మిగలడంతో ఆసనం చిన్నదైంది. శరభయ్యగారు మఠం వేస్తే మోకాళ్లు రెండూ బయటే.

పూర్ణిమనాడు రామచంద్రపురం నుంచి వచ్చిన పెద్ద శిష్యుడు విశ్వనాథ్ దాన్ని తడిమి చూసి, కాశీ నుంచి తెప్పించారా అని అడిగాడు. గురువుగారు గొంతు సవరించుకునేలోపే ఇందిరాదేవి వంటింట్లోంచి వచ్చేసింది.

"నేనే ఉతికేను నాయనా. సగం పాడుచేసి, మిగతా సగం బాగుచేసేను."

శిష్యులు ఆయన వంక చూశారు. శరభయ్యగారు ఆసనం అంచు ఓసారి నిమిరారు.

"ఈ ఏడు నమస్కారం ముందు ఆవిడకి పెట్టండర్రా," అన్నారు.

ఎప్పుడూ వద్దు వద్దంటూ తలుపు చాటుకి పోయే ఇందిరాదేవి ఆరోజు అడుగు కదపలేదు. అందరి నమస్కారాలూ నిలబడి తీసుకుంది.